మేనకోడలికి: గుండె కండరాల జబ్బు మీద పనిచేయబోయే ముందు

చిరంజీవికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

వంశపారంపర్యంగా వచ్చే, గుండె కండరం మందమయ్యే జబ్బు మీద పరిశోధనకు చేరుతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి ఒక పక్క గర్వం, ఒక పక్క గుబులు. జన్యువుల పనే కాబట్టి ఇక రోగులను చూడనక్కర్లేదని కూడా అన్నావట. ఆ మాట నాకు నచ్చలేదు.

చదవవలసినవి నీకు తెలుసు. 1990లో గుండె కండరాన్ని బిగించే ప్రోటీన్ అయిన బీటా మయోసిన్ జన్యువులో మార్పు దొరికినప్పటి నుంచి 2022లో మావాకామ్టెన్‌కు అమెరికాలో అనుమతి వచ్చేదాకా అంతా పుస్తకాల్లో ఉంది. ఆ మందు అతిగా బిగిసే కండరాన్ని సడలిస్తుంది, మోతాదు మించితే గుండె బలాన్నే తగ్గిస్తుంది కాబట్టి ఎకో, అంటే గుండె స్కానింగు, చూడకుండా పెంచరాదు. నేను చెప్పదలచినది పుస్తకంలో ఉండి కూడా నేను పాటించనిది.

చాలా ఏళ్ల కిందట, నిద్రలోనే చనిపోయిన ఒకాయన పెద్దకొడుకు నా దగ్గరికి వచ్చాడు. గుండె గదుల మధ్య గోడ మందం 22 మిల్లీమీటర్లు. పెద్దవాళ్లలో 15 ఉంటేనే జబ్బు అనుకుంటాం. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది కనుక పన్నెండేళ్ల తమ్ముణ్ణీ పిలిపించాను. వాడి ఈసీజీ, ఎకో రెండూ బాగున్నాయి. ‘నార్మల్, భయం లేదు’ అని రాసి కింద గీత కూడా గీశాను. మళ్లీ ఎప్పుడు రావాలో రాయలేదు. ఈ జబ్బు చాలామందిలో ఎదిగే వయసులోనే బయటపడుతుందని, పిల్లలకు ఏడాదికో రెండేళ్లకో ఎకో తీస్తూనే ఉండాలని తెలియక కాదు. ఆ తల్లి మొహంలో ఊరట చూశాక దాన్ని చెదరగొట్టడానికి మనసొప్పలేదు. ఐదేళ్ల తరువాత ఆడుకుంటూ కూలబడిన పిల్లవాడు ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం పోయింది. కొన్నాళ్లకు ఆమె వచ్చి, నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవరులో దాచుకున్న ఆ కాగితాన్ని నా బల్ల మీద పరిచింది. ఏమీ అనలేదు. నేను గీసిన గీత మీద వేలు పెట్టి అలాగే కూర్చుంది.

కుటుంబంలో జబ్బుకు కారణమైన జన్యుమార్పు కచ్చితంగా తేలితే, అది లేని బిడ్డకు ఇన్నేళ్ల పరీక్షల తిప్పలు నువ్వు తప్పించగలవు. ఆ సాధనం నాకు అప్పట్లో లేదు. అయితే అర్థం తేలని మార్పు కనబడితే అది కారణమనీ, కాదనీ తొందరపడి రాయకు తల్లీ. తేలలేదనే రాసి, మళ్లీ ఎప్పుడు చూడాలో తేదీ వెయ్యి.

చేరిన వారంలోనే మీ ప్రొఫెసరుగారిని క్లినిక్‌లో వారానికి ఒక పూటైనా కూర్చోనివ్వమని అడుగు. ఆయన ఏమన్నారో ఆ రాత్రే నాకు ఫోను చేసి చెప్పు. ఎంత ఆలస్యమైనా మేలుకొనే ఉంటాను.

మావయ్య