మా ఆయన గుండె మారింది, నాదెందుకు మారలేదు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 38, మా ఆయనకి 41. పోయిన దసరా అయ్యాక ఇద్దరం కలిసే పొద్దున్నే భద్రకాళి బండ్ మీద పరిగెత్తడం మొదలుపెట్టాం, ఒకే దూరం, మధ్యలో మానేసిన రోజులు ఏమైనా ఉంటే అవి ఆయనవే. ఇప్పుడు వాచీలో ఆయన రెస్టింగ్ పల్స్ 58, నాది 67. మొన్న హెల్త్ చెకప్‌లో ఎకో, అదే గుండె స్కాన్ తీస్తే గుండె ఎడమ కింది గది ఆయనది 51 మిల్లీమీటర్లు, నాది 43 అని వచ్చింది. "నీ గుండెకి ఇంకా నువ్వు పరిగెడుతున్నట్టు తెలీదు" అని రోజూ ఒకటే వెక్కిరింపు. నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు ఆ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూడ్డం మానేయండమ్మా. ఆయన 51 మామూలే, మీ 43 కూడా మామూలే. ఆడవాళ్ల గుండె సైజే చిన్నది, ఒళ్లు చిన్నది కాబట్టి అనుకుంటాం గానీ ఒంటి సైజు లెక్కేసి సరిచూసినా కొంచెం తేడా మిగులుతుంది. గది చిన్నదైతే ఒక్కో దెబ్బకి బయటికెళ్లే రక్తం తక్కువ, అందుకే అదే పని చెయ్యడానికి నాలుగు దెబ్బలు ఎక్కువ కొట్టుకోవాలి, చిన్న చెంబుతో బిందె నింపినట్టు. మీరు పోల్చుకోవాల్సింది మీ ఆయన 58తో కాదు, దసరాకి ముందు మీ పల్స్ ఎంతుండేదో దాంతో. అది రాసి ఉంటే తీసి చూడండి.

ఇక వ్యాయామంతో గుండె మారే తీరు కూడా ఇద్దరిలో ఒకటి కాదు. అమెరికాలో డాలస్‌లో అంతవరకు వ్యాయామం అలవాటు లేని 12 మందికి, 7 మగ 5 ఆడ, ఏడాదిపాటు దగ్గరుండి ట్రైనింగ్ ఇచ్చి చూశారు, 2015లో వచ్చింది ఆ పేపరు. మగవాళ్లలో ఎడమ గది కండ బరువు ఏడాది పొడుగునా పెరుగుతూ పోయింది, ఆడవాళ్లలో మూడు నెలలకే పెరగడం ఆగిపోయింది. 12 మందితో చేసిన చిన్న స్టడీ ఇది, దీన్ని పట్టుకుని మూడు నెలలయ్యాక ఆడవాళ్లకి పరుగు దండగ అని మీ ఆయన అంటే మాత్రం ఒప్పుకోకండి, ఎందుకంటే కండ పెరగడం ఒక్కటే లాభం కాదు, బీపీ, షుగరు, రక్తనాళాల మెత్తదనం ఇవన్నీ ఎకోలో ఆ ఒక్క నంబరు చూస్తే కనపడవు.

అసలు ఆయన్ని ఏడిపించాలంటే ఇంకో లెక్క ఉంది. 2024లో 4 లక్షల మందికి పైగా అమెరికన్ల వివరాలు చూస్తే, అసలు వ్యాయామం చెయ్యనివాళ్లతో పోలిస్తే వారానికి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేసిన మగవాళ్లలో మరణాలు 18 శాతం తక్కువ, అదే 18 శాతం ఆడవాళ్లలో 140 నిమిషాలకే కనపడింది. జనం నోటితో చెప్పిన నిమిషాలు కాబట్టి దీన్నీ వేదవాక్కు అనుకోకండి, కానీ ఇంట్లో వాదనకి సరిపోతుంది.

మీ ఉత్తరంలో లేనిది ఒకటి అడుగుతాను, హిమోగ్లోబిన్ ఎంత? ఆడవాళ్లకి 12 కన్నా తగ్గితే రక్తహీనత కింద లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి ఉందని తేలింది, అంటే సగానికి పైగా. రక్తహీనత ఉంటే గుండె ఎంత బాగున్నా ఆయాసం వస్తుంది, పల్స్ కూడా ఎక్కువే ఉంటుంది. ఎకో కన్నా ముందు చేయించాల్సిన టెస్టు అది, రేటు కూడా చాలా తక్కువ.

ఇంకోటి, వాచీ మ్యాగ్జిమమ్ హార్ట్ రేటు 220లోంచి వయసు తీసేసి చెబుతుంది, మీకు 182. ఆడవాళ్లకని షికాగోలో 2010లో ఇచ్చిన లెక్క వేరు, 206లోంచి వయసుకి 0.88 రెట్లు తీసెయ్యాలి, అప్పుడు మీకు దాదాపు 173. వాచీ చెప్పిన జోన్, అంటే పరుగులో పల్స్ చేరాల్సిన హద్దు, అందుకోలేకపోతున్నానని బాధపడేవాళ్లు చాలామంది వస్తారు నా దగ్గరికి, తప్పు వాళ్ల కాళ్లది కాదు.

ప్రశ్న: మా అమ్మాయికి 17, జిల్లా స్థాయిలో 3000 మీటర్లు పరిగెడుతుంది. పల్స్ 48. ఎకోలో గది 52, గోడ మందం 9 మిల్లీమీటర్లు. "గుండె పెద్దదైంది, ఆపించెయ్యండి" అంటున్నారు మా చుట్టాలు.
– ఒక తండ్రి, కడప

జవాబు: చుట్టాల మాట విని ఆపించకండి బాబూ. 1996లో ఇటలీ వాళ్లు 600 మంది మేటి క్రీడాకారిణులకి ఎకో తీస్తే గది సగటు 49, కొద్దిమందికి 60కి చేరి 66 దాకా కూడా వెళ్లింది. గోడ మందం మాత్రం 12 దాటినవాళ్లు ఒక్కరూ లేరు. దూరం పరిగెత్తే ఆడపిల్లల్లో గుండె మారేది ఇలాగే, గది వెడల్పవుతుంది గోడ అంతగా మందమెక్కదు. మగపిల్లాడికి 13 వస్తే వ్యాయామం వల్లేనేమో అని కొంత ఆలోచిస్తాం, ఆడపిల్లకి 13 వస్తే మాత్రం వంశపారంపర్యంగా గుండె కండ మందమయ్యే జబ్బేమో అని వెతకాల్సిందే. మీ అమ్మాయిది 9, పల్స్ 48 కూడా దూరం పరిగెత్తేవాళ్లలో మామూలుగా చూసేదే. అయితే పరిగెడుతుండగా ఎప్పుడైనా స్పృహ తప్పిందా, గుండెలో నొప్పి వచ్చిందా, మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా, ఈ మూడూ అడిగి చూడండి. ఒక్కదానికి అవునని వచ్చినా పరుగు ఆపించి, ఈసీజీ కూడా పట్టుకుని కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లండి.