ఏడో తరగతిలో బడి మాన్పించి టెన్నిస్‌లో పెట్టాలా?

గుంటూరు నుంచి ఒక తండ్రి అడిగారు. పాపకి 12 ఏళ్లు, ఏడో తరగతి, అండర్-12లో రాష్ట్రస్థాయి టోర్నీ గెలిచింది. హైదరాబాద్‌లో ఒక అకాడమీ వాళ్లు బడి మాన్పించి ఓపెన్ స్కూల్లో వేయమంటున్నారు, రోజుకు ఆరు గంటలు ఆడిస్తారట. తల్లీ పాపా అక్కడ అద్దె ఇంట్లో ఉండాలి, ఫీజులకి సైటు అమ్మాలి. బడా, ఓపెన్ స్కూలా అని అడిగి, చివర్లో 'ఇప్పుడు చేర్చకపోతే ఆలస్యమై రేపు పాప నన్నే అంటుందేమో' అని రాశారు.

అయ్యా, మీ అసలు ప్రశ్న ఆ చివరి మాటే. ఊరు మారుతుంది, ఆట మారుతుంది, ఈ భయం మాత్రం ప్రతి తండ్రి దగ్గరా ఇదే. ముందు దాని సంగతి చూద్దాం. ఆలస్యం కాలేదు. 14వ పుట్టినరోజు దాటేదాకా ఏ అమ్మాయినీ ప్రొఫెషనల్ టోర్నీల్లోకి రానివ్వరు, దాటాక కూడా 18 వచ్చేవరకు ఏడాదికి ఇన్నే ఆడాలని పరిమితి ఉంటుంది. చిన్న వయసులోనే విసిగిపోయి, దెబ్బలు తగిలి ఆట వదిలేస్తున్నారనే ఆ నిబంధన పెట్టారు. ప్రపంచమంతా ఆగమంటుంటే మీ అకాడమీకి ఎందుకంత తొందరో ఒక్కసారి ఆలోచించండి.

సానియా పేరు చెప్పే ఉంటారు, అందరూ చెప్తారు. కానీ సానియా హైదరాబాద్‌లో మామూలు బడిలోనే చదివింది. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకుకి వెళ్లింది, తర్వాత మణికట్టుకి ఆపరేషన్, 2013లో సింగిల్స్ వదిలేసింది. డబుల్స్‌లో నంబర్ వన్ అయింది 2015 ఏప్రిల్‌లో, అప్పటికి ఆమెకి 28 ఏళ్లు. మీ లెక్క ప్రకారం ఎప్పుడో ఆలస్యమైపోవాలి కదా!

ఇక సైటు. ఇక్కడ కాస్త గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ప్రొఫెషనల్ టెన్నిస్‌లో అమ్మాయిలకి కింది మెట్టు డబ్ల్యూ15 టోర్నీలు. మొత్తం ప్రైజ్ మనీ 15,000 డాలర్లు, దాన్నే సింగిల్స్‌కీ డబుల్స్‌కీ, గెలిచినవాళ్లకీ ఓడినవాళ్లకీ పంచుతారు. మొదటి రౌండ్లో ఓడితే 200 డాలర్లు కూడా చేతికి రావు, దాంట్లోనే పన్ను, హోటలు, తిండి, గట్టింగ్ (రాకెట్‌కి తీగలు కట్టించడం), ఇంకా తోడు వెళ్లిన అమ్మకి టికెట్టు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్యే 2013 లెక్కలు తీసి చూస్తే, కోచ్ ఖర్చు పక్కన పెట్టినా, పెట్టిన డబ్బు వెనక్కి రావాలంటే అమ్మాయి ర్యాంకు 253 దగ్గర ఉండాలని తేలింది. మన దేశం తరఫున ఆడిన అంకితా రైనా అంత కష్టపడి ఏళ్ల తరబడి ఆడి సింగిల్స్‌లో చేరిన అత్యుత్తమ ర్యాంకు 160. పైగా అసలు ఖర్చు 16 నుంచి 21 ఏళ్ల మధ్య, ఊళ్లు దేశాలు తిరిగేటప్పుడు మొదలవుతుంది. మీరేమో ఆ సైటుని 12 ఏళ్ల పిల్ల ఫీజుకి ఊడ్చేస్తే, నిజంగా అవసరమైన రోజున ఏం అమ్ముతారు?

బడా, ఓపెన్ స్కూలా అన్నారు కాబట్టి అదీ చెప్తాను. ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్‌కి విలువ ఉంది, చెల్లుతుంది, నాకు దాంతో పేచీ లేదు. ఆ పేరు చెప్పి చదువు పూర్తిగా అటకెక్కించడంతోనే పేచీ. టెన్నిస్‌లో మంచి చదువుకి ఒక దారి ఉంది, అమెరికా కాలేజీలు స్కాలర్‌షిప్ ఇచ్చి ఆడించుకుంటాయి. మన తెలుగమ్మాయి యమలపల్లి సహజ టెక్సస్‌లో సామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీకి ఆడి, ఆ తర్వాతే ప్రొఫెషనల్‌గా తిరుగుతోంది. ఆ కాలేజీలు తొమ్మిదో తరగతి నుంచీ మార్కులు అడుగుతాయి, ఆ దారి మీరు ఏడులోనే మూసేయకండి. ఇంకో తెలుగమ్మాయి భమిడిపాటి శ్రీవల్లి రష్మిక 2025లో పుణేలో, దేశాల జట్లు ఆడే బిల్లీ జీన్ కింగ్ కప్‌లో అందరి నోళ్లలో నానింది కూడా ఇరవై దాటాకే.

ఇప్పటికి గుంటూరులోనో విజయవాడలోనో పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, మంచి కోచ్ దగ్గర ఆడించండి. వేసవి సెలవుల్లో కావాలంటే హైదరాబాద్ పంపండి. అండర్-14లో జాతీయస్థాయిలో ఎక్కడ నిలుస్తుందో చూడండి, రాష్ట్రంలో గెలవడం వేరు, అక్కడ పుణే, చెన్నై, బెంగళూరు పిల్లలతో ఆడటం వేరు. ఓడితే కారులో ఇంటిదాకా క్లాసు పీకకండి. (పీకుతారని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది.)

రెండు పేజీలు రాశారు, ఫీజు ఉంది, సైటు గజాలు ఉన్నాయి, కోచ్ అన్న మాటలున్నాయి. పాప ఏమంటోందో ఒక్క ముక్క లేదు. పదో తరగతి పరీక్షలయ్యాక, జూనియర్ ర్యాంకు ఏదైనా వస్తే దాంతో సహా, మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం పాపతో రాయించండి, మీరు చదవకుండా పోస్టు చేయండి.