బంతి ఎవరి చేతికిస్తావు?

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మీ బాస్కెట్‌బాల్ జట్టులో నిన్ను ఆడిస్తూనే కోచ్ పని కూడా అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "ఆడుతూ కోచింగ్ చెయ్యడం కుదిరే పనేనా మామయ్యా?" అని నువ్వడిగిన మాట రెండు రోజులుగా నన్ను వదల్లేదు. కుదురుతుందిరా. పన్నెండేళ్ళు అలా చేసిన మనిషిని నేను చూశాను. ఆయన ఎక్కడ నెగ్గాడో, ఎక్కడ దెబ్బ తిన్నాడో రెండూ చెబుతాను.

బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువయ్యాక కొన్నేళ్ళకి, 1985లో నేను ఫిలిప్పీన్స్ వెళ్ళాను. లాస్ బాన్యోస్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో ఉద్యోగం. వరి కోసం వెళ్ళినవాణ్ణి, ముందు నా కంటబడింది మాత్రం బాస్కెట్‌బాల్. అక్కడ ఎంత చిన్న పల్లెకి వెళ్ళినా ఒక సిమెంటు కోర్టు ఉంటుంది. కోతలప్పుడు దాని మీదే వడ్లు ఆరబోస్తారు. సాయంత్రం ఆ వడ్లు ఎత్తి బస్తాలకెక్కించేదాకా పిల్లలు హవాయి చెప్పులేసుకుని, బంతి ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంటారు. ఆఖరి చేట ఎత్తగానే ఆట మొదలు. ఆ పిల్లల బనీన్ల మీద రంగుతో రాసుకున్న అంకె ఎక్కువగా 7. అది రాబర్ట్ జవోర్‌స్కీ నంబరు. నేను చెప్పిన మనిషి ఆయనే.

ఆయన 1946లో బాగ్యోలో పుట్టాడు. తండ్రి పోలిష్ మూలాలున్న అమెరికన్, తల్లి అక్కడి ఇలోకానో జాతి మనిషి. కాలేజీలో ఆయన్ని తీర్చిదిద్దింది కోచ్ బేబీ దలుపన్. 1967లో సియోల్‌లో ఆసియా టైటిల్ గెలిచిన జాతీయ జట్టులో ఉన్నప్పుడు కోచ్ ఎవరనుకున్నావు? కార్లోస్ లోయ్‌జాగా. 1954లో రియోలో ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగినప్పుడు ఫిలిప్పీన్స్‌కి మూడో స్థానం తెచ్చిన జట్టుకి వెన్నెముక ఆయనే. ఆసియా దేశమేదీ ఇప్పటికీ అంతకంటే పైకి పోలేదు. అంత పెద్ద ఆటగాడు బెంచీ మీద కూర్చుని కుర్రాళ్ళతో ఆడించి గెలిపించడం జవోర్‌స్కీ ఇరవయ్యొకటో ఏటనే దగ్గరుండి చూశాడన్నమాట. నువ్వు కూడా నీకు నేర్పినవాళ్ళని ఒక్కసారి తలుచుకో. ఏం నేర్పారన్నది తర్వాత సంగతి. ఆట నడుస్తున్నప్పుడు ఎక్కడ నిలబడేవారు, ఎప్పుడు నోరు మూసుకునేవారు, అది గుర్తు చేసుకో.

1985లో జవోర్‌స్కీ అక్కడి ప్రొఫెషనల్ లీగ్‌లోని హినేబ్రా జట్టుకి ఆటగాడు, కోచ్ రెండూ అయ్యాడు. అప్పటికి ఆయనకి ముప్పై తొమ్మిదేళ్ళు. జట్టుని నడిపే కంపెనీ వాళ్ళు దాని పేరు ఎన్నిసార్లు మార్చినా జనానికి అది హినేబ్రాయే. ఆ ఏడాదే ఒక మ్యాచ్‌లో ఎదుటివాడి మోచెయ్యి తగిలి పెదవి చీలితే ఆస్పత్రికెళ్ళి తొమ్మిది కుట్లు వేయించుకుని, తిరిగొచ్చి మళ్ళీ ఆడాడు. అప్పటికి చాలా వెనకబడి ఉన్న జట్టు ఆ మ్యాచ్ గెలిచింది. అక్కడివాళ్ళు ఆ కథని పురాణంలా చెప్పుకుంటారు. నువ్వు మాత్రం దాన్ని ఆదర్శంగా పెట్టుకోకు. నీ మోకాలి సంగతి నాకు తెలుసు.

నువ్వు నేర్చుకోవాల్సింది వేరే చోట ఉంది.

కోపం విషయంలో నీకూ ఆయనకీ పోలిక ఉంది కాబట్టి ముందు అదే చెబుతాను. 1971లో ఆయనా, ఇంకో ఆటగాడూ రెఫరీల మీద చెయ్యి చేసుకున్నారు. జీవితకాల నిషేధం పడింది. 1973లో మనీలాలో ఆసియా పోటీలు వచ్చేసరికి దాన్ని ఎత్తేశారు గానీ, అందరికీ అలాంటి అదృష్టం పట్టదు. పందొమ్మిదేళ్ళ తర్వాత, కోచ్‌గా ఉండగా, మళ్ళీ అదే కోపం. 1990 మొదటి కాన్ఫరెన్స్ (ఆ లీగ్‌లో ఏడాదికి కొన్ని టోర్నమెంట్లు, ఒక్కోదాన్ని కాన్ఫరెన్స్ అంటారు) ఫైనల్స్ ఆరో ఆట. రెఫరీల నిర్ణయాలు అన్యాయమని రెండో క్వార్టర్‌లోనే జట్టుని తీసుకుని కోర్టు వదిలి వెళ్ళిపోయాడు. టైటిల్ షెల్ జట్టుకి పోయింది, పైన భారీ జరిమానా. ఆటగాడికి కోపమొస్తే ఒక్కడు బయటికెళ్తాడు. కోచ్‌కి కోపమొస్తే పన్నెండు మంది ఆట ఆగిపోతుంది. ఆ పన్నెండు మందిలో జీవితంలో ఒక్కసారే ఫైనల్ ఆడేవాడు ఉంటాడురా. వాడి గురించి ఆలోచించు.

మరుసటి ఏడు అదే కాన్ఫరెన్స్, అదే షెల్, మళ్ళీ ఫైనల్స్. హినేబ్రా 1-3తో వెనకబడింది. ఇంకొక్క ఆట పోతే అయిపోయినట్టే. ఈసారి వెళ్ళిపోలేదు. వరసగా మూడు గెలిచి టైటిల్ కొట్టారు. ఏడో ఆట ఆఖరి క్షణాల్లో గెలుపు బాస్కెట్ వేసింది ఎవరో తెలుసా? రూడీ డిస్ట్రిటో. పాయింట్లు వెయ్యడం కంటే, ఎదుటివాణ్ణి మొండిగా కాచుకోవడంలోనే పేరున్నవాడు. ఏడాది ముందు కోర్టు బయటికి నడిచిన జట్టు అలాంటివాడి చేతుల మీదుగా గెలిచింది. నాకు పెదవి కుట్ల కథ కంటే ఇదే పెద్దది.

ఇంకొకటి. జవోర్‌స్కీ, రామన్ ఫెర్నాండెజ్ టొయోటా జట్టులో ఏళ్ళ తరబడి కలిసి ఆడారు. 1984లో జట్టు రద్దయ్యాక ఇద్దరికీ చెడింది. 1989లో మొదటి ఆల్ స్టార్ ఆటలో ఇద్దరూ సీనియర్ల జట్టులో పడ్డారు. కోచ్ ఆ దలుపనే. నేను పక్కింటివాళ్ళ టీవీలో చూశాను. ఆఖర్న లైను బయటి నుంచి బంతి వెయ్యాల్సింది జవోర్‌స్కీ. ఫెర్నాండెజ్‌కే వేశాడు. అతను బాస్కెట్ వేశాడు, జట్టు గెలిచింది. తర్వాత కోర్టు మధ్యలో చేతులు కలిపారు. పక్కింటి ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. మరుసటేడు బీజింగ్ ఆసియా క్రీడలకి ప్రొఫెషనల్ ఆటగాళ్ళతో తొలి జాతీయ జట్టు వెళ్ళింది. కోచ్ జవోర్‌స్కీ. జట్టులో ఫెర్నాండెజ్ ఉన్నాడు, ఒకప్పుడు జవోర్‌స్కీకి కోచింగ్ ఇచ్చిన లోయ్‌జాగా కొడుకు చీతో కూడా ఉన్నాడు. రజతంతో తిరిగొచ్చారు.

మీ జట్టులో నీకు పడనివాడు ఉన్నాడని నాకు తెలుసు. మీ అమ్మ చెప్పలేదులే, నీ మాటల్లోనే అర్థమైంది. ముందు వాడితో మాట్లాడు.

ఇది నీకెందుకింత నొక్కి చెబుతున్నానంటే, ఒకసారి ఊరి పండగ టోర్నమెంటులో మా ఉద్యోగుల జట్టుకి నేనే ఆడుతూ కోచ్‌గా ఉన్నాను. ఆఖరి బంతి నా చేతికొచ్చింది. పొలం పనుల్లో ఉండే కుర్రాడొకడు బాస్కెట్ కింద ఒంటరిగా, రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు. చూశాను. చూసి కూడా నేనే వేశాను, తప్పింది. అతను ఒక్క మాట అనలేదు, వచ్చి నా భుజం తట్టాడు. ఆ చాచిన చేతులు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి.

కాబట్టి నువ్వెన్ని నిమిషాలు ఆడాలో మ్యాచ్‌కి ముందే కాగితం మీద రాసి నీ అసిస్టెంటు చేతిలో పెట్టు. నువ్వు కోర్టులో ఉన్నంతసేపూ మార్పులన్నీ అతనివే. నిన్ను తీసేస్తే మారు మాట్లాడకుండా వచ్చి కూర్చో. జవోర్‌స్కీ పక్కన కూడా అసిస్టెంటుగా రీనో సాలజార్ ఉండేవాడు. టైమౌట్‌లో ఒక్క విషయమే చెప్పు, రెండోది ఎవడికీ ఎక్కదు. ప్రాక్టీసులో మాత్రం నువ్వు బెంచీ వాళ్ళ జట్టులో ఆడు, మొదటి అయిదుగురికి ఎదురుగా. వాళ్ళ చేతికి బంతి ఎప్పుడు కావాలో, ఎక్కడ కావాలో అప్పుడే తెలుస్తుంది.

ఓటములకి తొందరపడి పని వదిలెయ్యకు. 1992 నుంచి 1996 దాకా ఆయనకి ఒక్క టైటిల్ లేదు. అయినా జనం రావడం మానలేదు. 1997లో, యాభయ్యొకటో ఏట, నాలుగోది, ఆఖరిది గెలిచాడు. తర్వాతి ఏడు సెనేటర్ అయ్యాడు. ఆ 7 నంబరు ఇక ఎవరికీ ఇవ్వకూడదని 2012లో జట్టు నిర్ణయించింది.

ఆదివారం నీ మొదటి ప్రాక్టీసు కదా. అవగానే నాకు ఉత్తరం రాయి. ఎవడు బాగా ఆడాడో రాయక్కర్లేదు. బెంచీ చివర కూర్చునే ముగ్గురి పేర్లూ, ఒక్కొక్కడికి ఏది బాగా వచ్చో, అది రాసి పంపు.

మీ మామయ్య
బాపట్ల