ఫోను పక్కన పెట్టేదెలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బరంపురంలో మాది పట్టుచీరల దుకాణం. రంగులు చూపించడం, బేరం, ఆర్డరు అన్నీ వాట్సాప్‌లోనే. మధ్యాహ్నం దాటేసరికి కళ్లు మండుతున్నాయి, మెడ పట్టేస్తోంది. ఫోను మానేయమంటే మాత్రం కుదరదు.

జవాబు: మానేయనక్కర్లేదండి. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్ల దాకా రెప్ప వేస్తాం. తెర మీద చూపు నిలిపితే అది సగానికో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది. కన్నీటి పొర ఆరిపోయి మంట పుడుతుంది. పైగా దగ్గరివి చూస్తున్నంతసేపూ కంటిలోపలి కండరం బిగిసే ఉంటుంది. 20 అడుగుల అవతలికి, అంటే సుమారు ఆరు మీటర్ల దూరానికి చూస్తే సడలుతుంది. అందుకే 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరం, 20 సెకన్లు అంటారు. దుకాణంలో అంత దూరం దొరకదు కనుక వీధికి అవతలి బోర్డు చదవండి. చదివాక, రెండు రెప్పలూ పూర్తిగా అంటుకునేలా పదిసార్లు నెమ్మదిగా మూసి తెరవండి. సగం మూసిన రెప్ప తడిని కన్నంతా పరచలేదు.

చాలామంది తప్పేది ఒక్కచోటే: కంప్యూటరు ఆపి ఫోను తీస్తారు. కంటికి అది విరామం కాదు, ఇంకా దగ్గరి పని.

గంటకోసారి లేచి ఐదు నిమిషాలు నిలబడండి. చీరలు మడతపెట్టడం, అలమర సర్దడం ఆ వేళకే ఉంచుకుంటే విడిగా సమయం పోదు. పొడుగు జవాబులు కంప్యూటర్లో వాట్సాప్ తెరిచి టైపు చేయండి. తెర చేయిచాపు దూరంలో, పైఅంచు కంటి ఎత్తుకు కాస్త దిగువన ఉండాలి. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి కొట్టకూడదు. నీలికాంతి కళ్లజోడు కొనమని ఎవరైనా చెప్తే డబ్బు దాచుకోండి. కంటి అలసటకు వాటివల్ల బహుశా మేలు లేదనే వైద్య పరిశోధనలను వడపోసి చూసే కాక్రేన్ సంస్థ 2023 నాటి సమీక్ష తేల్చింది. మీకు నలభై దాటి ఉంటే మాత్రం చదువుకునే అద్దాల కోసం పరీక్ష చేయించుకోండి. అద్దాల లోటును విరామాలు తీర్చవు.

ప్రశ్న: మాది రాయగడ. మా ఇంటాయన సూరత్‌లో పని. రాత్రి ఏ వేళకైనా ఫోను చేస్తారు, అందుకని ఆపలేను. తొమ్మిదేళ్ల బాబు దాన్ని వదలడు. బడి హోంవర్కూ అందులోనే వస్తుంది.

జవాబు: ఫోను ఆపొద్దు, పడకగది దాటించండి. వంటింటి గట్టు మీద చార్జింగుకు పెట్టి, అలారానికి వేరే గడియారం కొనండి. అలారం ఫోనులో ఉన్నంతకాలం అది తలగడ కిందికే వస్తుంది.

సెట్టింగ్స్‌లో, ఫోను మోగకుండా ఆపే ‘డూ నాట్ డిస్టర్బ్’ తెరిచి రాత్రి 9.30 నుంచి ఉదయం 6 దాకా సమయం పెట్టండి. కాల్స్ దగ్గర ‘స్టార్డ్ కాంటాక్ట్స్’ ఎంచి, మీవారి నంబరుకు నక్షత్రం గుర్తు వేయండి. ‘రిపీట్ కాలర్స్’ కూడా ఆన్ చేస్తే, తోటి కార్మికుడి ఫోనునుంచి చేసినా పావుగంటలోపు రెండోసారి చేస్తే మోగుతుంది. కంపెనీని బట్టి ఈ పేర్లు కాస్త మారతాయి. వాట్సాప్ కాల్‌కు ఈ మినహాయింపు పనిచేయకపోవచ్చు. రాత్రిపూట మామూలు కాలే చేయమనండి, ముందుగా ఒకసారి పరీక్షించుకోండి.

బాబు సంగతి. హోంవర్కు సాయంత్రం ఒక్కసారే చూసి, నోటుపుస్తకంలోకి ఎక్కించుకుని, ఫోను మీ చేతికి ఇచ్చేయాలి. వీడియోలకు ‘ఆటోప్లే’ ఆపండి. ఒకటి అయ్యాక తెర ఆగితేనే లేవడం తేలిక. మూడు గంటల అలవాటును ఒక్కరోజులో సున్నా చేస్తే పేచీ తప్పదు, మూడు రోజులకో పావుగంట చొప్పున తగ్గించండి. శిక్షగా లాక్కోవద్దు, దాని విలువ పెరుగుతుంది. ఫోనులోనే ఉండే ‘డిజిటల్ వెల్‌బీయింగ్’లో పెట్టిన సమయ పరిమితిని వాడే తీసేయగలడు. వాడికి విడిగా ఫోను ఉంటే పిల్లల ఫోనును పెద్దలు అదుపు చేసే ‘ఫ్యామిలీ లింక్’ యాప్ పెట్టి, పిన్ను మీ దగ్గరే ఉంచుకోండి. నాన్నతో మాట్లాడే వీడియో కాల్‌ను ఈ లెక్కలో కలపకండి.

అలా మిగిలిన సమయాన్ని ఖాళీగా వదిలితే ఫోను మళ్లీ వచ్చి కూర్చుంటుంది. బడిలో ఒడియానే చదువుతున్నట్లయితే, తెలుగు అక్షరాలు దిద్దించడానికి మీకు దొరికే వేళ ఇదే. రోజుకు మూడు అక్షరాలు చాలు, పలక మీద. ఇంట్లో ఇంకా చిన్నవాళ్లుంటే, రెండేళ్లలోపు తెర వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

ప్రశ్న: పర్లాకిమిడిలో కిరాణా కొట్టు. డబ్బు పడిందా లేదా అని చూడబోయి ఫోనులో మునిగిపోతున్నాను. ఆదివారాలు పూర్తిగా స్విచ్చాఫ్ చేయొచ్చా?

జవాబు: సౌండ్‌బాక్సు పెట్టించుకోండి. సొంత సిమ్ ఉన్న రకమైతే ఫోను సొరుగులో ఉన్నా జమైన మొత్తాన్ని అదే చెప్తుంది. చార్జింగు చూసుకోవడం ఒక్కటే పని. కాల్స్, ఓటీపీలు తప్ప మిగతా నోటిఫికేషన్లు తీసేయండి. ఆదివారం స్విచ్చాఫ్ చేయొచ్చు గానీ, అక్టోబరు, నవంబరు నెలల్లో వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ గజపతి జిల్లాను ఎలా ముంచిందో తెలిసిందే. ఆ రోజుల్లో ‘డూ నాట్ డిస్టర్బ్’తో సరిపెట్టుకుని, అత్యవసర హెచ్చరికలు ఆన్‌లోనే ఉంచి, బ్యాటరీ నిండా పెట్టుకోండి.