జవాబు ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. పొగాకు అలవాట్ల మీద పిల్లలతో సర్వే చేయిస్తున్నామని, ఇష్టం లేకపోతే శుక్రవారంలోగా చెప్పాలని, చెప్పకపోతే ఒప్పుకున్నట్టేనని స్కూలు నుంచి కాగితం వచ్చింది. అడిగితే హెడ్మాస్టర్ గారు సంతకం పెట్టేశారు, మీది అక్కర్లేదన్నారు. ఇది సరైనదేనా?
– ఒక తల్లి, నల్గొండ

జవాబు: హెడ్మాస్టర్ గారి సంతకం సర్వే వాళ్లను బడిలోకి రానిస్తుంది, అంతే. మీ పాప తరఫున ఒప్పుకునే హక్కు ఆయనకు లేదండీ.

తల్లిదండ్రులు సంతకం పెడితేనే పిల్లల్ని చేర్చుకోవడం యాక్టివ్ కన్సెంట్. మీకొచ్చింది పాసివ్ కన్సెంట్, అంటే వద్దని చెప్పకపోతే సరేనన్నట్టు. సంతకం తప్పనిసరి చేస్తే చాలా కాగితాలు తిరిగి రావు, పైగా ఎవరి పరిస్థితి తెలియాలో ఆ ఇళ్ల పిల్లలే తప్పిపోతారని పరిశోధకులు అంటారు, అందులో నిజముంది. పేర్లు అడగని సర్వే అయి, ఎథిక్స్ కమిటీ, అంటే పరిశోధనలో పాల్గొనేవాళ్లకు అన్యాయం జరక్కుండా ముందే పరిశీలించే సంఘం, ఒప్పుకుని ఉంటే నాకు అభ్యంతరం లేదు. కానీ కాగితం మీకు అందిందో లేదో వాళ్లు చూసుకోవాలి, బ్యాగు అడుగున ఉండిపోయిన కాగితానికి మీరు జవాబెలా ఇస్తారు?

సూది వేసే చోట మాత్రం ఈ పద్ధతి అస్సలు ఒప్పుకోకూడదు. ఖమ్మం సంగతి గుర్తుందా? 2009లో అక్కడ 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, వాళ్లలో హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు కూడా ఉన్నారు, పాత్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే హెచ్‌పీవీ టీకాలు వేయించాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపించింది. తర్వాత చూస్తే 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి, 1,948 మీద వేలిముద్రలు. చదవడం రాని ఆ అమ్మానాన్నలకు విషయం ఎవరు విడమరిచి చెప్పారు? 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా వేయించుకున్న కొందరు పిల్లలు చనిపోయారు, అందుకు టీకానే కారణమని విచారణలో తేలలేదు, మంచి టీకానే అది. అయినా అమ్మానాన్నల్ని అడగకుండా వేయడం తప్పే.

ఇంకొకటి, పిల్లల సమ్మతి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటిన పిల్లల్ని నోటిమాటగానైనా అడగాలి, పన్నెండు దాటితే రాతపూర్వకంగా తీసుకోవాలి.

కాబట్టి రేపే స్కూలుకెళ్లి పేర్లు రాయిస్తున్నారా, జవాబులు టీచర్లు చూస్తారా, ఏ ఎథిక్స్ కమిటీ అనుమతిచ్చింది అని అడగండి. మీ పాపనూ అడగండి. మీకు ఇష్టమైనా తను వద్దంటే ఎవరూ బలవంతం చేయకూడదు.