రేస్ గ్యారేజ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: 1977లో ఫ్రాన్స్‌లోని లే మాన్ 24 గంటల రేసును అమెరికన్ డ్రైవర్ హర్లీ హేవుడ్ జట్టు చివర్లో ఐదు సిలిండర్లతోనే గెలిచిందట. నాకు ఇంజిన్ రీబోరింగ్ షాపుంది. పిస్టన్ పోయిన బండి రెండు వీధులు దాటదని నా అనుభవం. ఇదెలా కుదిరిందండీ?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జ: మీ అనుభవం సరైనదే. పిస్టన్ పోయిన ఇంజిన్‌ను అలాగే తోలితే అంతే సంగతులు. వాళ్లు అలాగే తోలలేదు.

కారు పోర్షే 936. ఫ్లాట్ సిక్స్ ఇంజిన్ (అటు మూడు, ఇటు మూడు పడుకున్న ఆరు సిలిండర్లు), దాదాపు 2.1 లీటర్లు, గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే టర్బోలు రెండు. హేవుడ్‌కు తోడు యూర్గెన్ బార్త్. తన కారు ఆగిపోవడంతో జాకీ ఇక్స్ కూడా ఇందులోకి వచ్చాడు. అప్పటికే ఈ కారు ఫ్యూయల్ ఇంజెక్షన్ పంపు మార్పించుకుని ఎక్కడో వెనకబడి ఉంది. రాత్రంతా లాగి లాగి దాన్ని మొదటి స్థానానికి తెచ్చారు. ఆదివారం మధ్యాహ్నం, రేసు ముగియడానికి గంట కూడా లేదనగా, హేవుడ్ చేతిలో ఉన్నప్పుడు పిస్టన్ దెబ్బతింది.

పిస్టన్‌కు చిల్లు పడితే ఏమవుతుందో మీకు తెలియంది కాదు. మండే గ్యాసు కింద క్రాంక్‌కేసులోకి, అంటే ఇంజిన్ అడుగు పెట్టెలోకి దిగి, ఆయిల్‌ను బ్రీదర్ అనే గాలి గొట్టం గుండా బయటికి తంతుంది. పైగా ఆ సిలిండర్‌కు పెట్రోలు పోతూనే ఉంటే అది గోడల మీది ఆయిల్‌ను కడిగేసి కిందికి దిగుతుంది, బేరింగులకూ ముప్పే. అందుకే మెకానిక్‌లు మొదట ఆ సిలిండర్‌ను పనిలోంచి తప్పించారు, తర్వాత టర్బో బూస్ట్ (గాలి నెట్టే ఒత్తిడి) తగ్గించారు. ఆరింటిలో ఒకటి తగ్గితే ఇంజిన్ వణుకుతుంది. కానీ ఆర్‌పీఎం పెంచకపోతే ఆ వణుకును కాసేపు తట్టుకుంటుంది.

అసలు తెలివి ఆ తర్వాత చూపించారు. గెలిచినట్టు లెక్కలోకి రావాలంటే 24 గంటలు నిండే సమయానికి కారు గీత దాటాలి, పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన జట్టు మరమ్మతు చోటులో, నిలబడి ఉంటే చెల్లదు. ఆధిక్యం చాలా ఉంది కాబట్టి కారును పిట్‌లోనే ఆపి ఉంచి, చివరి నిమిషాల్లో బయటికి పంపారు. స్టీరింగ్ హేవుడ్‌కు కాక బార్త్‌కు ఇచ్చారు. అతనికి మెకానిక్‌గా శిక్షణ ఉంది, ఇంజిన్ మూలుగు అర్థమవుతుంది. నెమ్మదిగా రెండు ల్యాపులు తిప్పి జెండా అందుకున్నాడు. మొత్తం 342 ల్యాపులు. రెండో స్థానంలోని మిరాజ్ కారు కంటే 11 ఎక్కువ.

ప్ర: హేవుడ్ మొత్తం ఎన్ని పెద్ద రేసులు గెలిచాడు?
– ఒక విద్యార్థి, పెరంబూరు

జ: లే మాన్ మూడుసార్లు: 1977, 1983, 1994. అమెరికాలోని డేటోనా 24 గంటలు ఐదుసార్లు: 1973, 1975, 1977, 1979, 1991. అక్కడిదే సెబ్రింగ్ 12 గంటలు రెండుసార్లు: 1973, 1981. ఇవి కాక 1988లో ఆడీతో ట్రాన్స్-యామ్ అనే అమెరికా రేసు సిరీస్ టైటిల్. 1994లో గెలిపించిన డాయర్ 962 మాత్రం తమాషా బండి. పాత రేసు కారునే రోడ్డు కారుగా మార్చి, నంబర్ ప్లేటు తగిలించగలిగేలా చేసి, రోడ్డు కార్ల ఆధారంగా చేసిన బండ్లుండే జీటీ తరగతిలో దూర్చారు. రూలు మీరలేదు, రూలులోని సందు వాడుకున్నారు.

ప్ర: మా అబ్బాయికి 19 ఏళ్లు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. రేసింగ్ అంటూ ప్రాణం తీస్తున్నాడు. ఇలాంటి డ్రైవర్లు అసలు ఎక్కడ మొదలుపెడతారు? లక్షలు పోయాల్సిందేనా?
– ఒక తల్లి, పోరూరు

జ: హేవుడ్ కూడా మీ అబ్బాయిలా కాలేజీ కుర్రాడేనమ్మా. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో చదువుకుంటూ ఆటోక్రాస్‌లో దిగాడు. ఖాళీ స్థలంలో కోన్లు పెట్టి, ఒక్కొక్క కారునూ విడిగా వదిలి టైము చూసే పోటీ అది. అక్కడ పీటర్ గ్రెగ్ అనే పేరున్న రేసరును ఓడించాడు. గ్రెగ్ అతణ్ణి వదల్లేదు, 1969లో అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్ రేసుకు తన జోడీగా తీసుకెళ్లాడు. తర్వాత వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చి, 1971లో గ్రెగ్‌తో కలిసి ఐఎంఎస్ఏ అనే అమెరికా రేసింగ్ సంస్థ టైటిల్ గెలిచాడు.

రేసు కారు కొనడం మొదటి మెట్టు కాదు. ముందు కార్టింగ్‌తో (చిన్న గో-కార్ట్ బండ్ల రేసులతో), ఆటోక్రాస్‌తో చేతులు కుదరనివ్వండి. మన చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్ ఉంది, మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్ని నడుపుతుంది. పోటీలో దిగాలంటే ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలోని మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య) లైసెన్సు కావాలి. ఇంట్లో కారుతో ఆటోక్రాస్‌కు వెళ్తే ఇవి చూడమనండి:

సీటు. వీపు ఆనించి కూర్చుని చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద వాలాలి. వేళ్లే అందుతున్నాయంటే సీటు దూరంగా ఉన్నట్టు.

టైరు గాలి. మామూలు కంటే మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ పెట్టి, ట్రెడ్ (నేలను తాకే భాగం) అంచు నుంచి పక్కగోడ మీదికి సుద్దముక్కతో ఒక గీత గీయాలి. ఒక రౌండు తిప్పి వచ్చి చూస్తే, గీత పక్కగోడ మీదికంటా చెరిగి ఉంటే గాలి ఇంకా చాలదు. ట్రెడ్ మీద కూడా అంచు దాకా చెరగకపోతే ఎక్కువైంది. ఇంతకంటే చవకైన పరికరం రేసింగ్‌లో లేదు!

బ్రేకులు. బ్రేకు ఆయిల్ పాతదైతే మార్చి కొత్త డాట్ 4 రకం పోయించండి. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, వేడెక్కితే ఆ నీరు ఆవిరై పెడల్ మెత్తగా కిందికి పోతుంది. ఇక రౌండు పూర్తయి బ్రేకులు కాలుతూ ఉండగా హ్యాండ్‌బ్రేకు లాగకూడదు. గేరులో పెట్టి, చక్రానికి అడ్డం ఒక ఇటుక పెడితే చాలు.

డిక్కీలోని వాటర్ క్యాన్లు, కాళ్ల దగ్గర మ్యాట్ తీసెయ్యమనండి. బ్రేకు పెడల్ కిందికి మ్యాట్ జారితే ఇక చెప్పడానికేమీ ఉండదు.

ప్ర: పిట్‌లో డ్రైవర్లు మారేటప్పుడు అంత హడావుడి దేనికి? దిగేవాడు దిగితే ఎక్కేవాడు ఎక్కుతాడు కదా?
– ఒక పాఠకురాలు, విల్లివాక్కం

జ: దిగడం తేలికే, చిక్కంతా బెల్టుల దగ్గర. దిగే డ్రైవర్ రేడియో ప్లగ్గు, నీళ్ల గొట్టం పీకి, బెల్టులు బాగా వదులు చేసి భుజం పట్టీలను పక్కకు విసిరి వస్తాడు. అవి సీటులో పడితే వచ్చేవాడు వాటి మీద కూర్చుంటాడు, అంతే, పది సెకన్లు గల్లంతు. ఎక్కేవాడు పొట్టివాడైతే తన ఒంటికి పోతపోసిన ఫోమ్ ఇన్సర్టు చంకలో పెట్టుకుని వస్తాడు. బెల్టుల్లో నడుము పట్టీ ముందు, అదీ తుంటి ఎముకల మీద బిగించాలి. భుజం పట్టీలు తర్వాత. తొందరలో భుజాలవి ముందు లాగితే నడుము పట్టీ పొట్ట మీదికి ఎగబాకుతుంది. గుద్దుకుంటే ఆ దెబ్బ పేగులకు తగులుతుంది. అందుకే జట్లు షెడ్డులో ఆగి ఉన్న కారుతో ఇదే పనిని పదే పదే చేయిస్తాయి.

ప్ర: లే మాన్‌లో మనవాళ్లు ఎవరైనా?
– ఒక పాఠకుడు, టి. నగర్

జ: మన చెన్నై వాడే, కరుణ్ చందోక్. 2012లో అక్కడ దిగిన తొలి భారతీయుడు, ఆ ఏడు ఆరో స్థానం.

ప్ర: మూసిన కారులో గంటలకొద్దీ ఆ వేడి ఎలా తట్టుకుంటారు? కూల్ షర్టు కొంటే సరిపోతుందా?
– ఒక యువ రేసరు, ఆవడి

జ: కూల్ షర్టు అంటే బనియనుకు కుట్టిన సన్న గొట్టాలు, ఐసు పెట్టె, చిన్న పంపు. అంతే. పెట్టెలో నలగ్గొట్టిన ఐసు కంటే పెద్ద గడ్డలు మేలు, నిదానంగా కరుగుతాయి. పంపు తిప్పడానికి కాస్త నీళ్లు పోయాలి. మన ఎండకు ఐసు అయిపోతే అవే గొట్టాలు గోరువెచ్చటి నీళ్లు ఒంటి మీద తిప్పుతాయి, అప్పుడు పంపు ఆపెయ్యడమే నయం. చాలామంది పంపు చెడిపోయిందని తిట్టుకుంటారు గానీ, ముందు నడుము పట్టీ కింద గొట్టం నొక్కుకుపోయిందేమో చూసుకోండి. బెల్టులు బిగించాక, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే పంపు వేసి వీపు చల్లబడుతోందో లేదో చూసుకుంటే సరి.