నాన్న మా ఊరి మలుపు మరిచిపోయారు... స్కానింగ్ మాత్రం నార్మల్!

ప్రశ్న: డాక్టరు గారూ, మాది టంగుటూరు దగ్గర పల్లె. మా నాన్నకు 67 ఏళ్లు. నలభై ఏళ్లుగా పొగాకు పండిస్తున్నారు. నాన్న చెయ్యి పడితే బ్యారన్‌లో (పచ్చి ఆకును పొయ్యి వేడితో ఆరబెట్టే గదిలో) ఆకు పసుపుముద్దలా దిగుతుందని ఊళ్లో పేరు. మొన్నటి సీజన్లో పొయ్యిలో కట్టెలు వేసి వెళ్లారు. పది నిమిషాలకే వచ్చి మళ్లీ వేశారు. "ఇప్పుడే కదా వేసింది" అంటే "నేనా? ఎప్పుడు?" అన్నారు. వేడి ఎక్కువై ఆ బ్యారన్ ఆకంతా రంగు పోయింది. పోయిన నెల ఒంగోలు నుంచి ఎక్సెల్ బండి మీద వస్తూ మా ఊరి మలుపు దాటేసి సింగరాయకొండలో తేలారు. ఎంఆర్‌ఐ తీయిస్తే వయసుకు తగ్గట్టే ఉంది, టెన్షన్ పడొద్దన్నారు. పొగాకు బేళ్ల (కట్టల) బరువులు, వేలంలో పలికిన రేట్లు ఇప్పటికీ గడగడా చెప్పేస్తారు. అల్జీమర్స్‌లో మతిమరుపు బయటపడకముందే మెదడు పనితీరు మారిపోతుందని చదివాను. నిజమేనా?
– ఒక కూతురు, ప్రకాశం జిల్లా

జవాబు: నిజమేనమ్మా. మీరు రాసిన రెండు సంగతులూ నేను రెండుసార్లు చదువుకున్నాను. నెల్లూరులో నరాల డాక్టరుగా ఇన్నేళ్ల నుంచి చూస్తున్నాను, ఇంత వివరంగా గమనించి చెప్పేవాళ్లు తక్కువ.

ముందు ఎంఆర్‌ఐ మాట. మామూలు ఎంఆర్‌ఐ మెదడు ఆకారం చూపిస్తుంది. ఎక్కడైనా కుంచించుకుపోయిందా, గడ్డ ఉందా, పాత స్ట్రోక్ మచ్చ ఉందా అన్నది తెలుస్తుంది. లోపల కణాలు ఎలా పని చేస్తున్నాయో అందులో కనపడదు. అల్జీమర్స్‌లో అమైలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకోవడం మతిమరుపు కనపడటానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మొదలవుతుంది. కాబట్టి స్కానింగ్ బాగుందన్న ఒక్క మాటతో ఈ విషయం వదిలేయకండి.

ఇక అసలు సంగతి. జబ్బు మొదట్లో మెదడు మందగిస్తుందనే అందరం అనుకుంటాం. కొన్ని చోట్ల జరిగేది దానికి తలకిందులు. 2008లో జర్మనీలోని మ్యూనిక్ శాస్త్రవేత్తలు ఎలుకల మెదడులో చూశారు. నరాల కణాలు కొన్ని మూగబోతే, అమైలాయిడ్ గడ్డకట్టిన చోటికి దగ్గరగా ఉన్నవి కొన్ని అవసరానికి మించి చెలరేగిపోతున్నాయి. మనుషుల్లోనూ అంతే. జ్ఞాపకశక్తి కాస్త తగ్గిందంతే అనే దశలో ఉన్నవాళ్లకు, మెదడు పని చేస్తుండగా చూపించే ఫంక్షనల్ ఎంఆర్‌ఐ తీస్తే, కొత్త జ్ఞాపకాలను దాచిపెట్టే హిప్పోక్యాంపస్ మామూలు కంటే ఎక్కువ పని చేస్తూ కనిపించింది. పాపం, లోటు పూడ్చుకోవడానికి కష్టపడుతోందని చాలాకాలం అనుకున్నారు. 2012లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్లు ఫిట్స్‌కు వాడే లెవెటిరాసిటామ్‌ను చాలా తక్కువ మోతాదులో ఇచ్చి చూశారు. ఆ అతి తగ్గింది, జ్ఞాపకశక్తి పరీక్షలో మార్కులు పెరిగాయి. అంటే ఆ హడావుడి మేలు చేయడం లేదు, చెడగొడుతోంది.

మీ ఇంటి భాషలో చెప్పాలంటే బ్యారన్‌లో మంట ఎక్కువైనట్టే. పొయ్యి బాగా మండుతోందని చూసేవాళ్లు అనుకుంటారు, లోపల ఆకు పాడవుతుంటుంది. అయితే ఆ మాత్ర మెడికల్ షాపులో కొని నాన్నకు వేయకండి. అది కొద్దిమంది మీద చేసిన చిన్న పరిశోధన. ఎవరికి ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో డాక్టరే తేల్చాలి. నాన్న ఎప్పుడైనా కొన్ని క్షణాలు చూపు నిలిపేసి, పిలిచినా పలక్కుండా ఉండిపోతే మాత్రం అది డాక్టరుకు చెప్పి తీరాలి. ఈ జబ్బులో కొందరికి పైకి కనపడని ఫిట్స్ ఉంటాయి. మెదడులోని విద్యుత్ తరంగాలను చూపించే ఈఈజీ తీసి చూస్తారు.

రెండోది మలుపు. పేర్లు మరవడం కంటే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఇదే. హిప్పోక్యాంపస్ పక్కనే ఎంటోరైనల్ కార్టెక్స్ అని చిన్న భాగం ఉంది. మనం ఎక్కడున్నాం, ఎటు పోతున్నాం అన్న లెక్క అక్కడి కణాలు కడతాయి. వాటిని కనిపెట్టిన మోసర్ దంపతులకు, అంతకు ముందే హిప్పోక్యాంపస్‌లో అలాంటి కణాలను కనిపెట్టిన జాన్ ఓకీఫ్‌కు కలిపి 2014లో నోబెల్ ఇచ్చారు. అల్జీమర్స్‌లో టావ్ అనే రెండో ప్రోటీన్ మొదట తగులుకునే చోట్లలో ఇదొకటి. పాత లెక్కలు వేరే చోట పదిలంగా ఉంటాయి కాబట్టి బేళ్ల బరువులు నోటికి వస్తాయి. పది నిమిషాల కింద వేసిన కట్టె, నలభై ఏళ్లుగా తిరిగిన మలుపు జారిపోతాయి.

నా సంగతీ చెప్తాను. నెల్లూరు మూలాపేటలో మా అమ్మ చేపల పులుసు పెడితే వీధి చివరికి వాసన వచ్చేది. ఒక ఆదివారం చింతపండు పులుసు పోసి, మామిడి ముక్కలు వేసి, మళ్లీ గిన్నెడు పులుసు పోసింది. నోట పెట్టలేకపోయాం. "ఏందమ్మా, ధ్యాస ఎక్కడ పెట్టావు?" అని విసుక్కున్నాను. తను ఏమీ అనలేదు, గరిటె పట్టుకుని కూర చుట్టూ తిప్పుతూ నిలబడింది. అది మతిమరుపని ఏడాది తర్వాత గానీ నాకు అర్థం కాలేదు. ఆ విసుగు ఇప్పటికీ నన్ను పీడిస్తుంది. మీరు నాన్నను విసుక్కోకండి.

ఇంతమాత్రాన ఆయనకు అల్జీమర్స్ అని నేను ఇక్కడి నుంచి తేల్చడం లేదు. బి12 విటమిన్ తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, మనసు కుంగినా, నిద్రమాత్రలు వాడుతున్నా, చెవి సరిగ్గా వినపడకపోయినా ఇలాగే ఉండొచ్చు. వీటిలో చాలావాటికి మందుంది. ముందు ఆ రక్తపరీక్షలు, చెవి పరీక్ష చేయించండి. బీపీ, షుగర్ చూపించండి. తర్వాత న్యూరాలజిస్టు దగ్గర తెలుగులోనే జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి. ఆయన ఎంతవరకు చదివారో ముందే చెప్పండి, దాన్ని బట్టే మార్కులు చూడాలి. అమైలాయిడ్ ఉందో లేదో చూసే రక్తపరీక్షకు అమెరికాలో 2025 మే నెలలో అనుమతి వచ్చింది, అదీ లక్షణాలు ఉన్నవాళ్లకే. ఇక్కడ అది మీకు అవసరమా అన్నది పరీక్షలన్నీ చూశాక న్యూరాలజిస్టునే అడగండి.

బండి తాళాలు ఇప్పుడే లాక్కోకండి. ఈ వారం ఆయన వెనక మీరో, మీ తమ్ముడో ఎక్కి ఒంగోలు వెళ్లి రండి. దారి చెప్పకండి. ఎక్కడ స్లో చేశారు, ఎక్కడ ఆగి చూశారు, ఏ మలుపు దగ్గర తడబడ్డారు అన్నది ఇంటికొచ్చాక పుస్తకంలో రాసిపెట్టండి. తడబాటు ఎక్కువగా ఉంటే మాత్రం హైవే మీద ఒంటరిగా పంపొద్దు. ఈ సీజన్లో బ్యారన్ గోడ మీద సుద్దముక్క పెట్టి, కట్టె వేసినప్పుడల్లా ఆయన చేతే ఒక గీత గీయించి, పక్కన టైమ్ రాయించండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం, ఆ గీతల ఫోటో రెండూ తీసుకెళ్లండి.